క్యాప్సూల్ డొల్ల దేనితో చేశారో డబ్బా మీద రాయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. విటమిన్ మాత్రల్లో చెక్కపొట్టు కలుపుతున్నారన్న మాట ఈ మధ్య ఆరోగ్య పేజీల్లోనూ ఫోన్లలో చేతులు మారే సందేశాల్లోనూ పదేపదే కనిపిస్తోంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్’, ‘హైప్రోమెలోజ్’ అని చదువుతారు. సెల్యులోజ్ కలప నుంచి వస్తుందని తెలుసుకుంటారు. అక్కడి నుంచి రంపపు పొట్టు దాకా పోవడానికి ఎంతోసేపు పట్టడం లేదు. ఇంకోవైపు అదే సరుకును ‘నూటికి నూరు పాళ్లూ సహజం’ అని అమ్మేవాళ్లున్నారు. రెండు మాటలూ తప్పే. చెన్నైలోని అంబత్తూరు, చెన్నై దగ్గరి ఆలత్తూరు ప్రాంతాల్లో మాత్రల తయారీ, నాణ్యత పరీక్షల పనుల్లో ఉన్న తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. కాస్త పొడుగైంది. వీలైతే కోయకుండా వేయండి, ఎందుకంటే సగం చెబితే ఈ విషయంలో భయమే మిగులుతుంది.

మొక్కల కణాలకు గోడ కట్టే పదార్థం సెల్యులోజ్. 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ దీన్ని మొక్కల నుంచి విడదీసి చూపించాడు. గ్లూకోజ్ తునకలు వేల సంఖ్యలో వరసగా అతుక్కుంటే సెల్యులోజ్ అవుతుంది. బియ్యంలోని పిండి కూడా గ్లూకోజ్ దండే, కాకపోతే ముడి వేసిన తీరు వేరు. పిండి ముడిని మన జీర్ణరసాలు విప్పగలవు, సెల్యులోజ్ ముడిని విప్పలేవు. అన్నం అరిగి, మునక్కాడ పీచు నమిలి ఉమ్మేయవలసి రావడానికి కారణం ఇదే. కట్టుకున్న నూలు పంచెలో పదింట తొమ్మిది వంతులకు పైగా సెల్యులోజే. కలపలో మాత్రం అది సగానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మిగతాదంతా లిగ్నిన్, హెమీసెల్యులోజ్, జిగురు పదార్థాలు.

మాత్రల్లో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తయారు కావాలంటే ముందు ఆ మిగతాదంతా పోవాలి. లిగ్నిన్ తీసేసి శుద్ధి చేసిన కలప గుజ్జును పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికిస్తారు. సెల్యులోజ్ పోగులో కొన్నిచోట్ల అణువులు బిగుతుగా వరస కట్టి ఉంటాయి, కొన్నిచోట్ల చిందరవందరగా ఉంటాయి. ఆమ్లం వదులుగా ఉన్న చోటే కొరుకుతుంది. మిగిలిన బిగుతు ముక్కలను ఆమ్లం పోయేదాకా కడిగి, వేడిగాలిలోకి చిమ్మి ఆరబెడితే రుచీ వాసనా లేని తెల్లటి పొడి దిగుతుంది. 1955లో అమెరికాలో ఓర్లాండో బటిస్టా ఈ పద్ధతిని కనిపెట్టాడు. మందుల ప్రమాణాల గ్రంథమైన ఫార్మకోపియా లెక్క ప్రకారం ఈ పొడిని కాల్చితే మిగిలే బూడిద 0.1 శాతం దాటకూడదు. దీన్ని రంపపు పొట్టు అనడం, చెరకు నుంచి వచ్చింది కాబట్టి పంచదారను పిప్పి అనడంతో సమానం.

దీన్ని ఎందుకు కలుపుతారన్నది కూడా చెప్పాలి. 5 మైక్రోగ్రాముల బి12ను ఒక్కదాన్నే మాత్రగా కొట్టడం కుదరదు. కంటికి ఆనదు, చేతికి దొరకదు. దానికి ఒళ్లు కావాలి. ఆ ఒళ్లు అచ్చులో నొక్కగానే గట్టిపడాలి, కడుపులో నీళ్లు తగలగానే విడిపోవాలి. సెల్యులోజ్ రేణువు నొక్కుడుకు ముద్దలా సాగి పక్క రేణువును పట్టుకుంటుంది, అందుకే మరో జిగురు లేకుండానే మాత్ర నిలబడుతుంది. ఒక మాత్రలో ఇది బరువుకు 20 శాతం నుంచి, మందు మోతాదు మరీ చిన్నదైతే 90 శాతం దాకా ఉండవచ్చు. రేణువు సైజును బట్టి రకాలున్నాయి. సుమారు 50 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తడిపి గుళికలు కట్టే పద్ధతికి వాడతారు. 100 మైక్రాన్లదీ, 180 మైక్రాన్లదీ నేరుగా అచ్చులోకి పోయడానికి. సన్నరకం పొడిని నేరుగా పోస్తే అచ్చులోకి సరిగా జారదు, ఒక మాత్ర బరువుగా, పక్కది తేలికగా దిగుతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడ కాదు, దీని తర్వాత వచ్చే మెగ్నీషియం స్టియరేట్ దగ్గర. మాత్ర అచ్చుకు అంటుకోకుండా అర శాతం, ఒక శాతం ఈ జారుడు పొడి వేస్తారు. చివర్లో వేసి మూడు నుంచి ఐదు నిమిషాలు తిప్పి ఆపేయాలి. మరిచిపోయి పావుగంట తిప్పితే ఆ కొవ్వు పొడి ప్రతి సెల్యులోజ్ రేణువు చుట్టూ సన్నటి పొరలా పరుచుకుంటుంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు, మాత్ర మెత్తబడి అంచులు రాలుతుంది. పైగా నీళ్లు లోపలికి చొరబడవు కాబట్టి కడుపులోనూ ఆలస్యంగా విడిపోతుంది. సామాన్లన్నీ సరిగ్గా తూచి వేసినా పది నిమిషాల పొరపాటుకు ఆ బ్యాచ్ మొత్తం పాడవుతుంది. కొనేవాళ్లకు ఇదేదీ డబ్బా మీద కనపడదు.

మాత్ర విడిపోవడానికి వేసే ఇంకో సెల్యులోజ్ సరుకు క్రాస్‌కార్మెలోజ్ సోడియం. సెల్యులోజ్ దండలను ఒకదానితో ఒకటి కుట్టేసినట్టు ముడివేస్తారు కాబట్టి ఇది నీళ్లలో కరగదు, నీళ్లు పీల్చి క్షణాల్లో కొన్ని రెట్లు ఉబ్బుతుంది. మాత్ర లోపల ఉబ్బితే మాత్ర పగలక తప్పదు. అర శాతం నుంచి ఐదు శాతం చాలు. తడిపి గుళికలు కట్టే పద్ధతిలో సగం గుళిక లోపల, సగం బయట వేయడం మంచి పద్ధతి: బయటది మాత్రను గుళికలుగా విడగొడుతుంది, లోపలిది గుళికను పొడిగా విడగొడుతుంది. మొత్తం లోపలే వేసేస్తే మాత్ర గబుక్కున పగలదు. పేరులో సోడియం చూసి రక్తపోటు ఉన్నవాళ్లు కంగారు పడుతున్నారు. 20 మిల్లీగ్రాముల క్రాస్‌కార్మెలోజ్‌లో సోడియం రెండు మిల్లీగ్రాములకు మించదు. ఒక ఆవకాయ బద్ద పక్కన దీన్ని లెక్క కట్టనక్కర్లేదు.

నీళ్లకు ఆకలిగా ఉండే ఇదే గుణం చెన్నై గాలిలో ఎదురు తిరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఇక్కడ పొద్దుటిపూట గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. మూత సరిగా పెట్టని డబ్బాలోని మాత్రలు ఆ తేమను పీల్చి కాస్త ఉబ్బుతాయి, వేలితో నొక్కితే పొడి రాలుతాయి, పైన పూత ఉంటే చిట్లుతుంది. మందు చెడిపోయిందనో నకిలీదనో అనుకుంటారు. చాలాసార్లు నేరం వంటింటి అలమరది. పొయ్యి పక్కన, ఫిల్టర్ కాఫీ డికాక్షన్ పక్కన మాత్రల డబ్బా పెట్టకండి.

ఇక క్యాప్సూల్ సంగతి. సెల్యులోజ్ క్యాప్సూల్ డొల్ల హైప్రోమెలోజ్‌తో చేస్తారు. దీని పూర్తి పేరు హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్. ఆహార సంకలిత సంఖ్య, అంటే తిండిలో కలిపే పదార్థాలకు గుర్తుగా ఇచ్చే సంఖ్య, 464. కలప గుజ్జునో, పత్తి గింజకు జిన్నింగ్ తర్వాత కూడా అంటుకుని ఉండే పొట్టి నూగునో తీసుకుని కాస్టిక్ సోడాలో నానబెడతారు. ఆ ఉబ్బిన సెల్యులోజ్ మీదికి మిథైల్ క్లోరైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్ పంపుతారు. సెల్యులోజ్ దండ మీద కొత్త తునకలు అతుక్కుని, అప్పటిదాకా నీళ్లలో కరగని పీచు కరిగే పదార్థంగా మారుతుంది. ఆ తర్వాత కడిగి, మిగిలిపోయిన రసాయనాలు పరిమితి లోపల ఉన్నాయో లేదో పరీక్షిస్తారు. మూలం మొక్కే, జంతువు కాదు. శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు. అయితే ఇన్ని రసాయన చర్యలు దాటి వచ్చినదాన్ని ‘సహజం’ అని పిలవడం న్యాయం కాదు. ‘మొక్కల నుంచి తయారైనది’ అంటే నిజం చెప్పినట్టు, అంతవరకే చెప్పాలి. ఎండిన కళ్లకు డాక్టర్లు రాసే చుక్కల మందుల్లో చాలావాటిలో ఉండేది కూడా ఈ హైప్రోమెలోజే.

దీని స్వభావం ఒకటి చెప్పాలి, ఎందుకంటే తయారీలో సగం ఇబ్బందులు అక్కడే పుడతాయి. ఉప్మా రవ్వ మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది. హైప్రోమెలోజ్ దానికి తలకిందులు. చన్నీళ్లలో పోస్తే ప్రతి పలుకూ పైపైన బంకలా మారి, లోపల పొడి పొడిగానే ఉండిపోయి, ఉండలు కడుతుంది. గంటలు తిప్పినా విడవవు. మొత్తం నీళ్లలో మూడో వంతు తీసుకుని 80 నుంచి 90 డిగ్రీల దాకా వేడి చేసి, తిప్పుతూ పొడి చల్లాలి. వేడినీళ్లలో అది కరగదు కాబట్టి పలుకులు విడివిడిగా తడుస్తాయి. అన్నీ తడిశాక మిగతా నీళ్లు చల్లగా పోస్తే అప్పుడు కరగడం మొదలవుతుంది. నురగ తగ్గడానికి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. మాత్రల పూతకు ఇదే ద్రావణం చిమ్ముతారు. కిలో మాత్రలకు 20 నుంచి 40 గ్రాముల పొడి పూత సరిపోతుంది. మాత్రలు 40–45 డిగ్రీల దగ్గర దొర్లుతుండాలి. ఆరబెట్టే గాలిలో తేమ ఎక్కువైతే మాత్రలు జంటలు జంటలుగా అతుక్కుంటాయి. వేడి ఎక్కువైతే చుక్క మాత్రను చేరేలోపే ఆరిపోయి, పైతలం నారింజ తొక్కలా గరుకుగా వస్తుంది. గరుకు పూత చూడ్డానికి బాగుండదు, మింగడానికి కష్టం, అంతకు మించి ప్రమాదం లేదు.

వేడిలో కరగని ఈ గుణం వల్లే క్యాప్సూల్‌ను పొగలు కక్కే కాఫీతో మింగవద్దంటాం. డొల్ల జిగురుగా మారి గొంతులోనో అన్నవాహికలోనో అంటుకోవచ్చు. కూర్చునో నిలబడో, గది వేడిమిలో ఉన్న మామూలు నీళ్లు ఒక నిండు గ్లాసు తాగండి, మింగగానే పడుకోకండి. కొన్ని రకాల డొల్లలు బిగియడానికి కారజీనన్ అనే సముద్రపు నాచు పదార్థాన్నీ పొటాషియం లవణాన్నీ వాడతారు. పొటాషియం ఉన్న ద్రవంలో ఆ డొల్ల విడవడం ఆలస్యమవుతుంది. కొబ్బరి నీళ్లతో మింగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. జెల్లన్ అనే మరో జిగురు పదార్థంతో బిగించిన రకానికి కడుపులోని ఆమ్లంలో ఆలస్యం. గట్టిపరిచే పదార్థం ఏదీ లేకుండా, వేడి చేసిన స్టీలు కడ్డీలను ద్రావణంలో ముంచి తీసి చేసే రకం కూడా ఉంది. అన్నీ ‘వెజ్ క్యాప్సూల్’ పేరుతోనే వస్తాయి, తేడా డబ్బా మీద కనపడదు.

జంతువుల నుంచి తీసే జెలటిన్‌తో చేసిన డొల్లకూ ఈ హైప్రోమెలోజ్ డొల్లకూ అసలు తేడా నీటిలో ఉంది. జెలటిన్ డొల్ల బరువులో 13 నుంచి 16 శాతం నీరు ఉండాలి. ఆ నీరే దాన్ని వంగేలా ఉంచుతుంది. 10 శాతానికి పడిపోతే వేలితో నొక్కగానే పెంకులా పగులుతుంది. హైప్రోమెలోజ్ డొల్లలో నీరు 3 నుంచి 8 శాతం లోపే, ఇంకా తగ్గినా పగలదు. లోపల నింపేది తేమ పీల్చే మూలికల సారం అయినప్పుడు ఈ తేడా ప్రాణం పోసినంత పని చేస్తుంది. జెలటిన్ డొల్లలో ఆ సారం డొల్ల నీటినే పీల్చేసుకుంటుంది. డొల్ల చిట్లుతుంది, లోపల పొడి గడ్డ కడుతుంది. జెలటిన్ క్యాప్సూళ్ల డబ్బాలో మంచిదే కదా అని రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు వేసినా ఇదే జరుగుతుంది. మతం, ఆహార నియమం అడ్డు లేనిచోట కూడా మూలికల క్యాప్సూళ్లకు సెల్యులోజ్ డొల్ల ఎంచుకోవడానికి ఇది గట్టి కారణం.

త్రిఫల ఉదాహరణ చూడండి. అందులో కరక్కాయ ఉంది. కరక్కాయలోని టానిన్‌లనే వగరు పదార్థాలతో తోళ్లను పదును చేయడం తరతరాలుగా ఉన్న పనే, తోళ్ల వ్యాపారం చూసిన తమిళనాట ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. టానిన్ తోలులోని మాంసకృత్తిని పట్టుకుని బిగిస్తుంది, అప్పుడది నీళ్లకు లొంగదు. జెలటిన్ తీసేది పశువుల తోళ్ల నుంచీ ఎముకల నుంచే. త్రిఫల సారాన్ని జెలటిన్ డొల్లలో నింపి, తేమగా వేడిగా ఉన్న గదిలో నెలల తరబడి ఉంచితే డొల్ల లోపలి గోడ కూడా ఆ తోలు దారినే పట్టవచ్చు. క్యాప్సూల్ కడుపులో పడ్డాక పైపొర మెత్తబడుతుంది, లోపల సన్నటి పొర సంచిలా మిగిలి మందును వదలదు. ఆల్డిహైడ్‌లనే రసాయనాలు ఉన్న సువాసన ద్రవ్యాలు కూడా జెలటిన్‌ను ఇలాగే బిగిస్తాయి. హైప్రోమెలోజ్‌లో మాంసకృత్తి లేదు, ఈ బిగింపు దానికి లేదు. అంతమాత్రాన డొల్ల సెల్యులోజ్ కదా అని పరీక్ష మానేయడానికీ వీల్లేదు. హైప్రోమెలోజ్‌కు దగ్గరి బంధువైన మిథైల్ సెల్యులోజ్ కూడా టానిన్‌లను పట్టుకోగలదు, వైన్‌లో టానిన్ కొలిచే ఒక పద్ధతి దీని మీదే ఆధారపడింది. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు పెట్టి, నెలనెలా తీసి నీళ్లలో వేసి చూస్తే తప్ప ఏ డొల్లకూ హామీ ఇవ్వకూడదు.

సెల్యులోజ్ డొల్ల ఓడిపోయేచోటు ఒకటుంది. గాలిలోని ఆక్సిజన్‌ను అది జెలటిన్ కంటే ఎక్కువ లోపలికి రానిస్తుంది. చేపనూనె, అవిసెనూనె లాంటి త్వరగా కనరెక్కే సరుకును అందులో నింపి మామూలు సీసాలో అమ్మితే లోపల కనరు వాసన పడుతుంది. ఆక్సిజన్‌ను బాగా ఆపేది, గంజిపిండిని పులియబెట్టి తీసే పులులాన్‌తో చేసిన డొల్ల. అదీ శాకాహారమే.

ఇంట్లో చూడదగ్గ పరీక్షలు రెండు మూడున్నాయి. క్యాప్సూల్ విప్పి పొడి తీసేసి, ఖాళీ డొల్ల ముక్కను పటకారతో పట్టుకుని దీపానికి చూపండి. వెంట్రుక కాలిన కంపు వస్తే జెలటిన్, కాగితం కాలిన వాసన వస్తే సెల్యులోజ్. ఇంకో ముక్కను చల్లటి నీళ్లలో వేయండి. మే నెలలో చెన్నై కొళాయి నీళ్లు పనికిరావు, 30 డిగ్రీలు దాటితే జెలటిన్ కూడా కరుగుతుంది. కుండనీళ్లో ఫ్రిజ్ నీళ్లో తీసుకోండి. జెలటిన్ ముక్క ఉబ్బి మెత్తబడుతుంది గాని చాలాసేపు ఆకారం పోదు. హైప్రోమెలోజ్ ముక్క తెల్లబారి, అంచుల్లో నానిన సబ్జా గింజ పొరలా జారుడుగా మారి, మెల్లగా నీళ్లలో కలిసిపోతుంది.

మాత్ర విడుస్తుందో లేదో చూడాలంటే 200 మిల్లీలీటర్ల గది నీళ్లలో 20 మిల్లీలీటర్ల మరుగుతున్న నీళ్లు కలపండి. ఒంటి వేడిమికి దగ్గరగా వస్తుంది. మాత్ర వేసి అప్పుడప్పుడు గ్లాసు మెల్లగా తిప్పండి. పూత లేని మాత్ర 15 నిమిషాల్లో, సన్నపూత మాత్ర, క్యాప్సూల్ 30 నిమిషాల్లో విడిపోవాలన్నది ఇండియన్ ఫార్మకోపియా నియమం. ప్రయోగశాలలో అయితే ఆరు మాత్రలను ఆరు గాజు గొట్టాల్లో వేసి, నిమిషానికి సుమారు 30 సార్లు నీళ్లలో పైకీ కిందికీ ఆడిస్తారు. ఇంట్లో గ్లాసు దానికి సాటి రాదు, గంటైనా గట్టిగా ఉంటే అనుమానించడానికి మాత్రం సరిపోతుంది. గ్లాసు అడుగున తెల్లటి మడ్డి మిగిలితే సుద్ద కలిపారని కోప్పడకండి. సెల్యులోజ్ కరగదు, అడుగున కూర్చుంటుంది. సుద్ద అయితే నిమ్మరసం పిండగానే నురగ వస్తుంది (కాల్షియం మాత్రకు ఈ పరీక్ష పనికిరాదు, చాలావాటిలో మందే ఆ కార్బనేట్). గంజి పిండి అయితే టింక్చర్ అయోడిన్ చుక్కకు నల్లటి నీలం రంగు తిరుగుతుంది. సెల్యులోజ్ అలా తిరగదు.

నిదానంగా మందు వదిలే మాత్రలకు ఈ గ్లాసు పరీక్ష చేయకూడదు. వాటిలో చిక్కటి రకం హైప్రోమెలోజ్ వేస్తారు. నీళ్లు తగలగానే మాత్ర చుట్టూ జిగురు పొర కట్టి, మందును గంటల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. అలాంటి మాత్రను విరిచినా నూరినా, రోజంతా రావలసిన మోతాదు ఒక్కసారే ఒంట్లో పడవచ్చు. పెద్దవాళ్లు మింగలేరని ఐరన్ మాత్రలను చెంచాతో నలిపి తేనెలో రంగరించే ఇళ్లు చాలా ఉన్నాయి. ముందు అది ఏ రకమో మందుల షాపులో అడగండి. కొన్ని మాత్రల్లో కరగని ఇథైల్ సెల్యులోజో, సెల్యులోజ్ అసిటేటో చట్రంలా ఉంటుంది. మందు వదిలేశాక ఆ ఖాళీ చట్రం మలంలో మాత్రలాగే కనిపిస్తుంది. మాత్ర ఒంటికి పట్టలేదని ఇంకోటి వేసుకోవద్దు.

ఇంత సెల్యులోజ్ తింటే ఏమవుతుందన్న ప్రశ్నకు లెక్కే జవాబు. సున్నా సైజు ఖాళీ డొల్ల బరువు దాదాపు 100 మిల్లీగ్రాములు, డబుల్ జీరోది సుమారు 120. గ్రాము బరువున్న పెద్ద మల్టీవిటమిన్ మాత్రలో 300 మిల్లీగ్రాముల సెల్యులోజ్ ఉందనుకుందాం. రోజుకు రెండు క్యాప్సూళ్లు, ఒక మాత్ర వేసుకున్నా అంతా కలిపి అర గ్రాము చుట్టుపక్కలే. 100 గ్రాముల జామకాయలో పీచు ఐదు గ్రాములకు పైనే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో 460 నుంచి 469 దాకా ఉన్న సెల్యులోజ్ సంకలితాలను మళ్లీ పరిశీలించి, రోజువారీ పరిమితి అంకె పెట్టాల్సిన అవసరం లేదంది. పేగుల్లోని సూక్ష్మజీవులు మారిపోతాయని భయపెట్టే అధ్యయనం ఒకటి నిజంగానే ఉంది. అది 466 సంఖ్య గల కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ మీద, 16 మంది ఆరోగ్యవంతులతో చేసింది. మోతాదు రోజుకు 15 గ్రాములు, 11 రోజులు. ఆ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ప్యాకెట్ తిండి ఎక్కువగా తినేవాళ్ల విషయంలో అది ఆలోచించవలసిందే. మాత్రలోని మిల్లీగ్రాములకు దాన్ని అంటగట్టడం సరికాదు.

మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అన్న పేరు తెలుగు పత్రికల మొదటి పుటకెక్కింది 2025 జూన్ 30 ప్రమాదంతో. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో దాన్ని తయారు చేసే కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. అంత ప్రమాదకరమైనదాన్ని మేం మింగుతున్నామా అని ఆ తర్వాత చాలామంది అడిగారు. కారణం తేల్చడం విచారణ చేసేవాళ్ల పని, ఆ ఘటన గురించి మేం తీర్పు చెప్పం. మింగడానికీ పేలుడుకూ సంబంధం లేదని మాత్రం చెప్పగలం. గోధుమపిండి, పంచదార పొడి, పాలపొడి, సెల్యులోజ్ పొడి అన్నీ కాలే పదార్థాలే. ముద్దగా ఉంటే మెల్లగా కాలతాయి. సన్నటి దుమ్ముగా మూసిన చోట గాలిలో లేచి, నిప్పురవ్వ తగిలితే ఒక్క క్షణంలో అంతా అంటుకుని పేలుతుంది. అందుకే ఇలాంటి చోట్ల ఆరబెట్టే యంత్రం లోపలి వేడి పరిమితి దాటకుండా చూడాలి, గొట్టాలకు భూమి తీగ (ఎర్త్ వైరు) కట్టాలి, పేలుడు ఒత్తిడి బయటకు పోయే తలుపులు ఉండాలి, దూలాల మీద పేరుకున్న దుమ్ము ఎప్పటికప్పుడు తీయాలి. దుమ్మును గాలి గొట్టంతో ఊదడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, అది దుమ్మును మళ్లీ గాలిలోకి లేపుతుంది. మన మాత్ర చౌకగా రావడానికి ఈ ఖర్చుల్లో ఏదీ తగ్గించకూడదు.

ఇక లేబుల్. మందుల చట్టం కింద అమ్మే స్ట్రిప్పుల మీద శాకాహార గుర్తు వేయాలన్న నియమం లేదు. ఆహార చట్టం కింద వచ్చే సప్లిమెంట్ల మీద ఉంది. పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క శాకాహారం, గోధుమరంగు త్రికోణం మాంసాహారం. 2021 డిసెంబరులో దిల్లీ హైకోర్టు, పదార్థం ఎంత కొంచెమైనా సరే, అది మొక్క నుంచి వచ్చిందో జంతువు నుంచి వచ్చిందో సంఖ్యతో సరిపెట్టకుండా చెప్పాలంది. చెన్నై షాపుల్లో కొన్న డబ్బాలు చూస్తే ఇప్పటికీ ‘క్యాప్సూల్ షెల్’ అన్న రెండు మాటలతో ముగించినవి కనిపిస్తున్నాయి. ‘వెజ్ క్యాప్సూల్’ అని పెద్ద అక్షరాలతో వేసినా డొల్ల ఒక్కటే శాకాహారమై, లోపలి విటమిన్ డి3 గొర్రె ఉన్ని కొవ్వు నుంచి వచ్చి ఉండవచ్చు. మెగ్నీషియం స్టియరేట్ పామాయిల్ నుంచీ వస్తుంది, పశువుల కొవ్వు నుంచీ వస్తుంది. లక్క పురుగు నుంచి వచ్చే షెలాక్ పూతకు, తేనెకు, తేనెమైనానికి నిబంధనల్లోనే మినహాయింపు ఉంది కాబట్టి వాటికి పచ్చ చుక్క వేయవచ్చు. జైనులు, కఠిన నియమం పాటించేవాళ్లు ఆ సంగతి తెలుసుకోవాలి.

మందుల షాపుల వాళ్లకు ఒక మనవి. వెయ్యి క్యాప్సూళ్ల పెద్ద డబ్బా విప్పి, పది పది లెక్కబెట్టి కాగితం కవర్లో వేసి ఇవ్వడం మానండి. సెల్యులోజ్ డొల్ల తట్టుకున్నా లోపలి పొడి తట్టుకోదు, పైగా కొన్నవాళ్ల చేతికి లేబులే రాదు. పత్రికల వాళ్లకూ ఒక మనవి. ఆరోగ్య పేజీలో ఈ పేర్లు రాసినప్పుడు సంఖ్య కూడా వేయండి: మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ 460, హైప్రోమెలోజ్ 464, క్రాస్‌కార్మెలోజ్ 468. చదివినవాళ్లు తమ డబ్బాతో పోల్చి చూసుకోగలుగుతారు.

తయారీదారులను అడిగేది ఎక్కువేమీ కాదు. డబ్బా వెనక ఈ మాత్రం చోటు దొరక్కపోదు: ‘క్యాప్సూల్ డొల్ల: హైప్రోమెలోజ్ (464), కలప గుజ్జు నుంచి. బిగింపు పదార్థం: కారజీనన్. మెగ్నీషియం స్టియరేట్: మొక్కల నూనె నుంచి. విటమిన్ డి3: గొర్రె ఉన్ని కొవ్వు నుంచి. మామూలు నీళ్లతో మింగండి.’

ఇట్లు,
మాత్రల తయారీ, నాణ్యత పరీక్షల రంగంలోని కొందరు తెలుగువారు,
అంబత్తూరు, చెన్నై